నలభై దాటాక సొంత ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ పెట్టాలంటే

ఇది కొత్తగా గిటార్ పట్టుకునేవాళ్ల కోసం కాదు. ఇరవై, పాతికేళ్లుగా వాయిస్తున్నవాళ్ల కోసం. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించినవాళ్లు, సికింద్రాబాద్ చర్చిల్లో చిన్నప్పటి నుంచి బేస్ గిటార్ వాయిస్తున్నవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీలో బ్యాండ్ నడిపి ఉద్యోగం రాగానే గిటార్‌ని బీరువా మీదకి ఎక్కించేసినవాళ్లు, సినిమా పాటల రికార్డింగు సెషన్లలో వాయించి వాయించి మనదంటూ ఒక్క పాటైనా లేదే అనుకుంటున్నవాళ్లు, మీలో ఎవరైనా సరే, నలుగురు కలిస్తే ఆల్టర్నేటివ్ రాక్, అంటే మామూలు రాక్‌కి పక్కదారిలో నడిచే గిటార్ల సంగీతం, వాయించే బ్యాండ్ పెట్టొచ్చు. ఈ వయసులో ఏంటి అని ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు అంటారు. ముంబైలో 1984లో రాక్ మెషీన్‌గా మొదలై, 1993లో ఇండస్ క్రీడ్‌గా పేరు మార్చుకుని, 1997లో విడిపోయిన బ్యాండ్ 2010లో మళ్లీ కలిసి 2012లో పూర్తిగా కొత్త పాటలతో ఆల్బమ్ తెచ్చింది. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ యాభైకి దగ్గర పడ్డాక 2006లో గ్రైండర్‌మ్యాన్ అనే కొత్త బ్యాండ్ పెట్టి, ఏళ్ల తరబడి పియానో ముందు కూర్చున్న మనిషి అక్కడ ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకున్నాడు. గిటార్ మీద ఆయనకి పెద్ద పట్టు లేదు, ఆ బ్యాండ్ మోటు సౌండ్‌లో అది వినిపిస్తుంది కూడా. ఈ రెండో ఉదాహరణ బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీకు ఎదురయ్యే కష్టం వాయించడం రాకపోవడం కాదు, బాగా వచ్చేయడం.

ముందు వారంలో ఒక పూట ఖాయం చేసుకోండి

పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఇవన్నీ తర్వాత. ముందు వారంలో ఒకే రోజు, ఒకే టైము. "ఈ వారం ఎప్పుడు కుదురుతుంది" అని వాట్సాప్ గ్రూపులో అడగడం మొదలైందంటే ఆ బ్యాండ్ ఎక్కువ కాలం నడవదు, ఎందుకంటే ఈ వయసులో ఎవరికీ ఎప్పుడూ కుదరదు, ఒకరికి ఆఫీసు కాల్, ఒకరికి పిల్లాడి కోచింగ్, ఇంకొకరికి నాన్నగారి డయాలసిస్. అందుకే ఆదివారం పొద్దున ఏడు నుంచి పది అని పెట్టుకోండి. రాత్రి ప్రాక్టీసు కాలేజీ రోజుల అలవాటు, ఇప్పుడు వద్దు. పొద్దున ట్రాఫిక్ ఉండదు, ఒంట్లో ఓపిక ఉంటుంది, పదింటికల్లా ఇంటికెళ్లి టిఫిన్ తినొచ్చు, ఇంట్లో వాళ్లకీ సండే మిగులుతుంది. చర్చిలో వాయించేవాళ్లు ఉంటే మాత్రం ఆదివారం పొద్దున అస్సలు అడగొద్దు, వాళ్లకి శనివారం పొద్దున పెట్టండి.

చోటు విషయానికొస్తే, హైదరాబాద్‌లో గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూములు ఉన్నాయి, డ్రమ్ కిట్, ఆంప్లిఫయర్లు వాళ్లే ఇస్తారు, మీరు గిటార్లూ స్టిక్కులూ పట్టుకెళ్తే చాలు. పొద్దున పూట అవి ఖాళీగానే ఉంటాయి కాబట్టి నెలకి సరిపడా ముందే మాట్లాడుకుంటే రేటు తగ్గిస్తారు. జామ్ రూము లేని ఊళ్లో అయితే, ఫంక్షన్ హాలు వెనక గదో, స్నేహితుడి గోడౌనో చూసుకోండి, గోడలకి పాత పరుపులూ మందపాటి దుప్పట్లూ కడితే గదిలో గింగురు తగ్గుతుంది, కానీ శబ్దం బయటికి పోకుండా అవి ఆపలేవు, పక్కింటివాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

మనుషులు

అందరికంటే బాగా వాయించేవాడిని వెతక్కండి. ప్రతి వారం వచ్చేవాడిని వెతకండి, పక్కవాడు వాయిస్తుంటే వినేవాడిని వెతకండి. ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లందరికీ చేతుల్లో కొన్ని అలవాట్లు బాగా పాతుకుపోయి ఉంటాయి. ఆర్కెస్ట్రా కీబోర్డు ఆయన ఎడమ చేత్తో బేస్ వాయిస్తూనే ఉంటారు, ఎందుకంటే పెళ్లి స్టేజీ మీద బేస్ ప్లేయర్ ఉండకపోవడం మామూలే, ఆ పని ఆయనదే. అక్కడ ఒక్క సెకను ఖాళీ వచ్చినా ఒక ఫిల్లర్ పడాల్సిందే. సెషన్ ప్లేయర్ అయితే ఎంత గొప్పగా వాయిస్తారో అంత మౌనంగా కూర్చుంటారు, "ఏం కావాలో చెప్పండి సార్, వాయిస్తా" అంటారు, తన మనసులో ఏముందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు మరి. పబ్బుల్లో కవర్లు, అంటే వేరేవాళ్ల పాటలు, వాయించిన గిటారిస్టు ప్రతి పాటకీ ఒక సోలో ఉంటుందనే అనుకుంటాడు. ఇవేవీ లోపాలు కావు. వాళ్లు బతికిన పని నేర్పినవి. కానీ సొంత బ్యాండులో అవి ఒకదానికొకటి అడ్డం పడతాయి, అందుకని మొదటి రోజే నోరు తెరిచి మాట్లాడుకోండి. కీబోర్డు అన్నయ్యకి "అన్నా, నీ ఎడమ చెయ్యి మాకొద్దు, బేస్ తమ్ముడున్నాడు" అని ప్రేమగా చెప్తే ఆయన నవ్వుతారు, తర్వాత నిజంగానే ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వాయించడం మొదలుపెడతారు, ఆ రోజు గదిలో సౌండ్ ఎంత విచ్చుకుంటుందో మీరే వినండి.

నలుగురు చాలు. ఐదో మనిషి వస్తే టైము కుదరడం మరీ కష్టం.

డబ్బు, హక్కులు: మొదటి నెలలోనే

దీన్ని అందరూ వాయిదా వేస్తారు, స్నేహితులం కదా అని. స్నేహితులు కాబట్టే ముందు రాసుకోవాలి. మన 1957 కాపీరైట్ చట్టంలో పాట సాహిత్యం ఒక హక్కు, బాణీ ఇంకో హక్కు, రికార్డింగు మూడో హక్కు. డ్రమ్మర్ ఎంత గొప్పగా వాయించినా, బాణీలో అతని పేరు లేకపోతే ప్రదర్శకుడి హక్కులే తప్ప బాణీ మీద హక్కు రాదు. కానీ రాక్ బ్యాండులో పాట పుట్టేది అలా కాదు కదా, ఒకరు బీట్ మొదలుపెడతారు, దాని మీద బేస్ ఒక లైను పట్టుకుంటుంది, దాన్నుంచి పాట వస్తుంది. కాబట్టి బాణీ నలుగురిదీ, సమాన వాటా, సాహిత్యం రాసినవాళ్లది వేరే, రికార్డింగు ఖర్చు నలుగురం పెట్టాం కాబట్టి నలుగురిదీ, అని ఒక్క పేజీ తెలుగులో రాసుకుని సంతకాలు పెట్టండి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే అప్పటిదాకా చేసిన పాటల్లో వాటా ఉంటుందని, బ్యాండ్ పేరు మాత్రం మిగిలినవాళ్లదని కూడా అందులోనే రాయండి. రచయితలూ స్వరకర్తలూ, పాటల రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరితే రాయల్టీ అటునుంచి వస్తుంది. సాహిత్యం, బాణీ మీద హక్కు మనం బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, అంటే పిల్లలకు వెళ్లే ఆస్తి అది, చిన్న మొత్తమే కావొచ్చు, కాగితం మాత్రం సరిగ్గా ఉండాలి.

ఖర్చుకి నెలకి తలా ఇంత అని వేసుకోండి. ఎవరికైనా ఒక నెల ఇబ్బందైతే మిగతావాళ్లు చూసుకోండి, దాని గురించి గ్రూపులో మాట్లాడొద్దు.

మొదటి మూడు నెలలు కవర్లు వాయించొద్దు

ఒక్కటి కూడా వద్దు. వేడెక్కడానికి ఒక పాత పాట అనుకుంటూ మొదలుపెడతారు, అది అద్భుతంగా వస్తుంది, అందరూ హాయిగా నవ్వుకుంటారు, ఆ మూడు గంటలూ అందులోనే అయిపోతాయి. అలా కాకుండా ఇలా చేయండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి గది మధ్యలో కుర్చీ మీద పెట్టండి. ఒకే స్వరం మీద ఇరవై నిమిషాలు ఆగకుండా వాయించండి, సోలో లేదు, కార్డ్ మారదు, మారేది సౌండు స్థాయి, బీటులో ఒత్తిడి, అంతే. మొదటి పది నిమిషాలు చాలా విసుగ్గా ఉంటుంది. చేతులు తెలిసిన లిక్కుల కోసం, అంటే అలవాటైన చిన్న చిన్న స్వరాల ముక్కల కోసం, తడుముకుంటాయి. ఆ తర్వాత అవి అయిపోతాయి, అప్పుడు ఎవరో ఒకరు ఏదో చిన్నది వాయిస్తారు, రెండు స్వరాలే అయినా మిగతా ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూస్తారు. దాన్ని పట్టుకోండి. ఇంటికెళ్లాక రికార్డింగ్ మొత్తం ఒకరు విని, బాగున్న చోట్ల నిమిషాలూ సెకన్లూ రాసి గ్రూపులో పెట్టాలి, ఈ పని వారానికొకరు చొప్పున పంచుకోండి. ఎక్కువ పాటలు ఇక్కడే దొరుకుతాయి.

శ్రుతి దగ్గర మొదలుపెట్టండి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తెలుగు చెవి ఉన్న రాక్ బ్యాండుకి దొరికే అసలైన ఆస్తి ఇదే, చాలామంది దాన్ని వాడుకోరు.

గిటార్ అన్నిటికంటే లావు తీగని ఇ నుంచి డికి దించండి, దీన్ని డ్రాప్ డి అంటారు, ఆల్టర్నేటివ్ రాక్‌లో తొంభైల నుంచీ బాగా వాడుకలో ఉన్న ట్యూనింగ్. ఇప్పుడు కింది మూడు లావు తీగలు కొట్టండి. డి, ఎ, డి. అంటే రెండో శ్రుతిలో స, ప, స. అది తంబురా. మీరు ఏ కచేరీలోనైనా వెనక వినే ఆ మోత మీ గిటార్‌లో, సౌండ్‌ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తొక్కగానే పదింతలు పెద్దదై గదంతా నిండుతుంది. ఇలా స, ప మాత్రమే ఉన్నదాన్ని పవర్ కార్డ్ అంటారు, దాంట్లో గాంధారం (గ) లేదు చూడండి. పూర్తి మేజర్ కార్డ్ పట్టుకుంటే అంతర గాంధారం వచ్చి కూర్చుంటుంది, డిస్టార్షన్‌లో అది గరగరలాడుతుంది, పైగా పాడేవాళ్లకి దారి మూసేస్తుంది. పవర్ కార్డ్ మీద అయితే గాంధారం ఏదన్నది గొంతే నిర్ణయిస్తుంది. ఒక చరణం ఖరహరప్రియ రాగంలో సాధారణ గాంధారంతో (కింది గ) పాడి, పల్లవి హరికాంభోజి రాగంలో అంతర గాంధారంతో (పై గ) ఎత్తుకుంటే, కింద గిటార్ ఒక్క వేలు కూడా కదపకుండానే మొత్తం పాట రంగు మారిపోతుంది. వెస్టర్న్ చదువుకున్నవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే డోరియన్ నుంచి మిక్సోలిడియన్‌కి వెళ్లడం. ఇలాంటిది మీరు రాక్ పుస్తకం చదివి చేయక్కర్లేదు, చిన్నప్పుడు నేర్చుకున్న సరళీ వరసలు చాలు.

అయితే గమకాలు తగ్గించండి. పల్లవి నిండా గమకాలు వేస్తే అది ఫ్యూజన్ కచేరీ అవుతుంది, అది వేరే సంగీతం, మంచిదే, కానీ మనం చేద్దామనుకున్నది కాదు. స్వరాన్ని సూటిగా పట్టుకుని ఒక్కచోట, పాట ఎక్కడ నొప్పి పుట్టిస్తుందో అక్కడ, ఒక్క జారు వేయండి.

తాళం కూడా అంతే. మిశ్రచాపు, మూడూ నాలుగూ ఏడు, మన చెవికి కొత్త కాదు, అందుకే ఏడు మాత్రల రిఫ్, అంటే పదే పదే తిరిగొచ్చే గిటార్ ముక్క, మనవాళ్ల చేతుల్లో కుంటినట్టు వినిపించదు. డ్రమ్మర్ దాన్ని లెక్కపెడుతున్నట్టు కాకుండా నడుస్తున్నట్టు వాయించాలి. ఒక ఆల్బమ్‌లో ఇలాంటివి ఒకటి రెండు చాలు, మిగతావి నాలుగులోనే ఉంచండి.

వయసుతో పాటు గొంతు కొంచెం కిందకి దిగుతుంది, ఇరవై ఏళ్లప్పుడు పాడిన శ్రుతి ఇప్పుడు పట్టకపోవచ్చు. మొహమాటపడకుండా మొత్తం బ్యాండ్ అర స్వరమో ఒక స్వరమో దించి ట్యూన్ చేసుకోండి. అలా దించినప్పుడు తీగలు వదులవుతాయి కాబట్టి ఒక సైజు లావు తీగలు వేయించండి, లేకపోతే కింది తీగ శ్రుతిలో నిలవదు. సౌండ్ ఇంకా బరువుగా వస్తుంది, అది ఈ సంగీతానికి లాభమే.

మాటలు

తెలుగులో రాయండి. కేరళ బ్యాండ్ అవియల్ 2008లో మలయాళంలోనే ఆల్టర్నేటివ్ రాక్ ఆల్బమ్ తెచ్చింది, ఆ భాష రాని ఊళ్లలో కూడా జనం విన్నారు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ తెలుగు మాటలతో, జానపదంతో, రెగేతో తన దారి తాను వేసుకుంది. గిటార్ల హోరు మీద తెలుగు మాట ఎలా నిలబడుతుందో చూపించే పాటలు ఇంకా చాలా తక్కువ, అంటే మీకు చోటు బోలెడంత ఉంది.

రాసేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి. బీటు కోసం హ్రస్వాన్ని లాగితే మాట చెడుతుంది. "పడి" అన్నది సాగదీస్తే "పాడి" అవుతుంది, వినేవాడికి గేదెలు గుర్తొస్తాయి. పొడుగు స్వరం ఎక్కడ పడుతుందో అక్కడ దీర్ఘం ఉన్న మాటే ఎంచుకోండి, పాట ట్యూన్ కట్టాక మాటలు రాస్తుంటే ఇది ప్రతి లైనుకీ చూసుకోవాల్సిన పని. ఇంగ్లిష్ పాటల అలవాటుతో తెలుగుని నాలుక మడతపెట్టి పాడొద్దు, మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే పాడండి. శ్రీకాకుళం యాస అయితే అదే, కరీంనగర్ యాస అయితే అదే.

దేని గురించి రాయాలి అంటే, కాలేజీ ప్రేమ గురించి మాత్రం వద్దని నా గట్టి అభిప్రాయం. మీ దగ్గర ఉన్నది ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర లేదు. ఐసీయూ బయట కుర్చీల్లో గడిపిన రాత్రి, డల్లాస్‌లో ఉన్న కూతురితో ఆదివారం పూట పదకొండు నిమిషాల వీడియో కాల్, ఇరవై ఏళ్లు కట్టిన ఈఎంఐ అయిపోయిన రోజు ఎవరికీ ఏమీ అనిపించకపోవడం. ఇవి తెలుగు పాటల్లోకి ఇంకా సరిగ్గా రాలేదు. రాసే ధైర్యం చేయండి.

సౌండ్ తగ్గించండి, చెవులు కాపాడుకోండి

దయచేసి దీన్ని చదివి వదిలేయొద్దు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చని, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందని చెవుల రక్షణకి వాడే లెక్క. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్, రెండు ఆంప్లిఫయర్లు మోగుతుంటే 100 దాటడం చాలా తేలిక. ప్రాక్టీసు అయ్యాక చెవుల్లో ఈల మోగుతుందంటే అది హెచ్చరిక, ఒకసారి పోయిన వినికిడి తిరిగి రాదు. దూది పనికిరాదు. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, అన్ని స్వరాలూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి, అన్నిటికంటే ముందు డబ్బు వీటి మీదే పెట్టండి.

గదిలో సౌండ్ సర్దడం ఇలా. డ్రమ్మర్ ఎంత గట్టిగా కొడతాడో మిగతా అందరూ అంతకి పెంచుతారు, కాబట్టి అతను కొంచెం తేలిక స్టిక్కులు వాడితే అందరూ దిగుతారు. ఆంప్లిఫయర్‌ని నేల మీద పెట్టకుండా కుర్చీ మీద, మీ చెవి వైపు వంచి పెట్టండి, నేల మీద ఉంటే అది మీ మోకాళ్లకి వినిపిస్తుంది, మీరేమో వినబడట్లేదని పెంచుతూ పోతారు. ఆంప్లిఫయర్ మీద గెయిన్ (గరుకుదనం పెంచే నాబ్) తగ్గించి మిడ్ (మధ్య స్థాయి స్వరాలు పెంచే నాబ్) పెంచండి. ఒంటరిగా వింటే కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంటుంది గానీ బ్యాండ్ మధ్యలో గిటార్ వినబడేది ఆ మిడ్ వల్లే.

ఒంటి సంగతి. బేస్ గిటార్ నాలుగు కిలోల దాకా ఉంటుంది, వెడల్పాటి పట్టీ కొనండి, గంటకోసారి దించండి. షుగర్ ఉన్నవాళ్లకి భుజం పట్టేయడం, వేలు మడిచి తెరిచేటప్పుడు ఇరుక్కుపోవడం ఎక్కువగా వస్తాయి, వేలు టక్ మంటోందంటే ఓర్చుకుని వాయించకుండా ఎముకల డాక్టరుకి చూపించండి. పాడేవాళ్లు రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని పడుకుంటే ఎసిడిటీ గొంతు దాకా వచ్చి పొద్దున గొంతు గరుకుగా ఉంటుంది. ప్రాక్టీసు ముందు రోజు త్వరగా తినండి, పొద్దున మంద్ర స్థాయిలో పది నిమిషాలు మెల్లగా గొంతు సవరించుకున్నాకే అరుపులు.

రికార్డింగ్

ఎనిమిది పాటలు అయ్యాక ఆల్బమ్ అనుకోకుండా, రెండు పాటలు రెడీ అవగానే రికార్డు చేయండి. డ్రమ్స్ కోసం స్టూడియో ఒక్క రోజు తీసుకోండి, ఆ రోజే నలుగురూ కలిసి వాయించండి, గిటార్లూ గొంతూ తర్వాత ఇంట్లో ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌తో మళ్లీ తీసుకోవచ్చు. రికార్డింగ్ క్వాలిటీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే చాలు. ఇంట్లో గిటార్ వాయిస్తుంటే ఒకటే గూఁ మని మోత వస్తే ముందు ప్లగ్గు ఎర్తింగ్ చూపించండి, చాలా ఇళ్లలో మూడో పిన్నుకి వైరే ఉండదు, ఇది ప్రాణానికి కూడా ప్రమాదం. క్లిక్ ట్రాక్, అంటే హెడ్‌ఫోన్లో లయ చెప్పే టిక్ టిక్ చప్పుడు, పెట్టాలా వద్దా అంటే, సెషన్ల అలవాటున్న డ్రమ్మర్ క్లిక్ లేకపోతే కంగారు పడతాడు, అయినా ఒక టేక్ లేకుండా తీయండి. పల్లవి దగ్గర పాట కాస్త పరుగెత్తడం, చరణంలో వెనక్కి వాలడం ఇలాంటి పాటలకి ఊపిరి. రెండూ విని నలుగురూ తేల్చుకోండి. ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ అన్నిటిలోకీ పెట్టొచ్చు, ప్రతి రికార్డింగుకీ గుర్తింపు నంబరు లాంటి ఐఎస్‌ఆర్‌సి కోడ్ వాళ్లే ఇస్తారు. క్రెడిట్స్‌లో నలుగురి పేర్లూ సరిగ్గా ఉన్నాయో లేదో అప్‌లోడ్ చేసే ముందే చూసుకోండి.

మొదటి షో

అరగంట, ఆరు పాటలు, అన్నీ మీవే. పబ్బు వద్దు, అక్కడ మూడో పాటకల్లా ఎవరో ఒకరు తెలిసిన పాట అడుగుతారు, మీ చేతులు అటే పోతాయి. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ అనే సాంస్కృతిక వేదిక లాంటి చోట్ల జనం వినడానికే వస్తారు. ఊళ్లో అలాంటి చోటు లేకపోతే లైబ్రరీ హాలో, కాలేజీ ఆడిటోరియమో అడగండి, యాభై కుర్చీలు చాలు. బహిరంగ స్థలంలో అయితే పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు, ఆరున్నరకి మొదలుపెడితే మీ వయసు స్నేహితులు కూడా వస్తారు.

సౌండ్ చెక్‌లో పాడేవాళ్ల మాట స్పష్టంగా వినబడుతోందా అని బ్యాండులో లేని మనిషిని ఆఖరి వరసలో నిలబెట్టి అడగండి, తెలుగు అర్థమయ్యే మనిషై ఉండాలి. అన్నిటికంటే బలమైన పాట మొదట వద్దు, రెండోది పెట్టండి, మొదటి పాట సగం అయ్యేదాకా సౌండ్ ఇంజినీరు ఇంకా సర్దుతూనే ఉంటాడు. పాటకీ పాటకీ మధ్య ట్యూనింగ్ మార్చాల్సి వస్తే ఆ రెండు పాటల్నీ పక్కపక్కన పెట్టకండి, లేదా రెండో గిటార్ అప్పు తెచ్చుకోండి. కీబోర్డు ప్లేయర్‌ని, డ్రమ్మర్‌ని ఎదురెదురుగా కళ్లు కలిసేలా నిలబెట్టండి.

షో మొత్తం వెనక నుంచి ఒక ఫోన్‌లో, జనం కూడా కనిపించేలా వీడియో తీయించండి. తర్వాతి ప్రాక్టీసులో వాయిద్యాలు బయటికి తీయకముందే నలుగురూ కూర్చుని దాన్ని చూడండి. మిమ్మల్ని కాదు, జనాన్ని చూడండి. ఎక్కడ ఫోన్లు తీశారో ఆ పాటలో ఆ చోట మీరు ఎక్కువ వాయిస్తున్నారు, అక్కడ ఎనిమిది బార్లు (తాళం ఆవృతాలు) కోసేయండి. ఎక్కడ కదలకుండా కూర్చున్నారో ఆ పాటనే ముందు రికార్డు చేయండి.